గెలుపు చూడని నూట రెండేళ్లు

విలియం కేరీగారి పేరు వినని తెలుగు క్రైస్తవ కుటుంబం అరుదు. కాని ఆయన పుట్టిన జిల్లా పేరేమిటని అడిగితే చాలామందిమి తడుముకుంటాం. ఇంగ్లండు దేశపు నడిబొడ్డున ఉన్న నార్తాంప్టన్‌షైర్ అది. లండనులో యూస్టన్ స్టేషనులో రైలెక్కితే గంటసేపటి ప్రయాణం. నార్తాంప్టన్ పట్టణంలో రైలు ఆగే చోట ఒకప్పుడు పెద్ద కోట ఉండేది. దాని దాపునే నెన్ నది పారుతుంది. నది అన్నాను గాని, కృష్ణా గోదావరులు చూసిన కళ్లకు అది ఓ మోస్తరు పంటకాలువలాగే కనబడుతుంది. 1783 అక్టోబరు 5న చెప్పులు కుట్టే ఇరవై రెండేళ్ల యువకుడు ఆ నీళ్లలో బాప్తిస్మము పొందాడు. 1814లో మన భాషకు వ్యాకరణం ప్రకటించి, 1818లో తెలుగు క్రొత్త నిబంధనను శ్రీరాంపురంలో అచ్చు వేయించినవాడు అతడే.

మనవాళ్లు ఆ ప్రాంతానికి వెళ్తే కేరీగారి కోసమే వెళ్తారు. మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఆ దేశంలో ఉండగా నేను వెళ్లింది మాత్రం మరో పని కూడా పెట్టుకొని. అక్కడి కౌంటీ క్రికెట్ క్లబ్బుకు ఆడినవారిలో బాగా ఎక్కువ కాలం బ్రతికినవారెవరో, వాళ్ల ఊళ్లు ఎలాంటివో చూద్దామని. సంఘ పత్రికలో ఈ క్రికెట్ గొడవ ఏమిటని చదువరులు విసుగుకోకండి. నేను వెదకింది ఆటను కాదు, ఆయుష్షును.

మన సంఘాల్లో ఎవరైనా తొంభై ఏళ్లు దాటితే కృతజ్ఞతా కూడిక పెడతాం. దండ వేస్తాం, భోజనాలు పెడతాం, దీర్ఘాయువు దేవుడిచ్చిన బహుమానమని సాక్ష్యం చెప్పిస్తాం. మంచిదే. కాని అదే కూడికలో వెనుక వరుసలో ముప్పై ఏళ్లకే భర్తను మట్టికి అప్పగించిన తల్లి కూర్చుని ఉంటుంది. బహుమానం అన్న మాట ఆమె చెవిని ఎలా తాకుతుందో మనం ఆలోచించం. ఎక్కువ ఏళ్లు బ్రతికినవాడు ఏదో గెలిచినట్టేనా, తక్కువ ఏళ్లకే పోయినవాడు ఓడినట్టేనా అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకొని ఉంది. పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ, మధ్యలో గెలిచినవీ ఓడినవీ అన్నీ అంకెలతో సహా వ్రాసిపెట్టిన మనుషులు ఎక్కడైనా ఉంటే, రెండు లెక్కలూ ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చు గదా అనిపించింది. కౌంటీ క్రికెటర్లు అలాంటి మనుషులు.

కౌంటీ అంటే మన జిల్లా వంటిది. ఒక్కో కౌంటీకి ఒక్కో క్రికెట్ జట్టు. వేసవి అంతా ఒకరితో ఒకరు మూడేసి రోజుల ఆటలు ఆడేవారు. (ఇప్పుడు నాలుగు రోజులు.) నార్తాంప్టన్‌షైర్ క్లబ్బు 1878 జూలై 31న కెట్టరింగ్ పట్టణంలోని జార్జి హోటలులో పుట్టింది. ఆ తేదీ చూడగానే నాకు వేరే సంగతి గుర్తొచ్చింది. అదే నెల 3వ తేదీన మన ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఒకదానికొకటి ఏ సంబంధమూ లేదు. అయినా తేదీలు వెదకే పనిలో దిగినవాడికి ఇలాంటివి కళ్లబడుతూనే ఉంటాయి.

ఎవరు ఎన్నేళ్లు బ్రతికారో కనిపెట్టడం ఆ దేశంలో మనం అనుకున్నంత కష్టం కాదు. విజ్డెన్ అనే క్రికెట్ పంచాంగం 1864 నుండి ఏటా వస్తోంది. చనిపోయిన ఆటగాళ్లను గూర్చి అందులో కొన్ని వాక్యాలైనా వ్రాస్తారు, అనామకుడైనా సరే. అది చాలకపోతే 1837 జూలై నుండి ప్రభుత్వం వ్రాసిన జనన మరణాల పుస్తకాలున్నాయి. అంతకు ముందువారికి చర్చి బాప్తిస్మపు రిజిస్టర్లున్నాయి. పదేళ్లకొకసారి తీసే జనాభా లెక్కల కాగితాలు నూరేళ్లు తాళం వేసి ఉంచి, ఆ తర్వాత జనానికి చూపిస్తారు. 1921 నాటి కాగితాలు 2022లో బయటపెట్టారు. 1931 నాటివి 1942లో నిప్పంటుకొని కాలిపోయాయి. 1941లో యుద్ధం వలన లెక్కలే తీయలేదు. అందుచేత 1921 తర్వాత ఒక మనిషి ఆచూకీ కావాలంటే, యుద్ధం మొదలైన నెలలో, 1939 సెప్టెంబరు 29న, రేషను కార్డుల కోసమూ గుర్తింపు కార్డుల కోసమూ ఇంటింటికీ తిరిగి వ్రాసిన పుస్తకమే ఆధారం.

మన సంగతి వేరు. మా తరంలో సగం మందికి జూలై 1నే పుట్టినరోజు. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరుగారు వ్రాసిందే తేదీ. మా నాయనమ్మను వయసెంతని అడిగితే పెద్ద గాలివాన నాటికి నేను చంకబిడ్డనని చెప్పేది. ఏ గాలివానో ఎవరికి తెలుసు? పాత మిషను చర్చీల బాప్తిస్మపు రిజిస్టర్లు చెదలు పట్టకుండా మిగిలినచోట మాత్రం మనకూ కొంత ఆధారం ఉంది.

నార్తాంప్టన్ క్రికెట్ మైదానం స్టేషనుకు తూర్పున రెండు మైళ్ల దూరంలో, వాంటేజ్ రోడ్డు అనే మామూలు ఇళ్ల వీధి ప్రక్కన ఉంది. లార్డ్స్ మైదానం బొమ్మలు చూసినవారు అదే వైభవం ఇక్కడ ఉంటుందనుకొని వెళ్తే నిరాశపడతారు. ఎర్ర ఇటుకల వరుస ఇళ్లు, కిటికీల్లో పూలకుండీలు, మధ్యలో గేటు, లోపల పచ్చటి గడ్డి. 1897 నుండి 1994 దాకా పట్టణపు ఫుట్‌బాల్ జట్టు కూడా ఇదే స్థలంలో ఒక వైపున ఆడింది. ఆ ఫుట్‌బాల్ జట్టు ముద్దుపేరు కాబ్లర్స్, అంటే చెప్పులు కుట్టేవారు. ఊరంతా ఆ పనే. 1642లో అంతర్యుద్ధం వచ్చినప్పుడు పార్లమెంటు సైన్యానికి వేలకొద్దీ జోళ్లు కుట్టి పంపింది ఈ పట్టణమే. అలాంటి చోట ఆ పేరు తిట్టు కాదు, గర్వంగా చెప్పుకునేది. మన సంఘాల్లో ఎంతమంది తాతముత్తాతలది ఆ వృత్తో, ఆ పేరుతో ఊరివాళ్లు మనవారిని ఏ చివరకు నెట్టారో నేను చెప్పనక్కరలేదు. చెప్పులవాళ్లు అన్న మాట జట్టు పేరుగా పెట్టుకొని వేలమంది గొంతెత్తి కేకలు వేసే ఊరు ఒకటుందని చూశాక నేను గేటు దగ్గర కాసేపు ఊరికే నిలబడిపోయాను.

మన దేశపు బౌలర్లకు ఈ మైదానం బాగా తెలుసు. బిషన్ సింగ్ బేడీ 1972 నుండి 1977 దాకా ఇక్కడ ఆడాడు. 1995లో అనిల్ కుంబ్లే ఒక్క వేసవిలో కౌంటీ ఛాంపియన్‌షిప్‌లో 105 వికెట్లు తీశాడు. అయినా నార్తాంప్టన్‌షైర్ ఆ ఛాంపియన్‌షిప్‌ను 2025 వరకు ఒక్కసారీ గెలవలేదు. నాలుగుసార్లు రెండో స్థానం దాకా వచ్చింది, అంతే.

ఇక 1930లలో ఆ జట్టు పడిన అవస్థ చెప్పడానికే జాలి వేస్తుంది. 1935 మే 14న సోమర్సెట్ మీద గెలిచింది. ఆ తర్వాత 1939 మే 29 వరకు ఛాంపియన్‌షిప్‌లో మరో గెలుపు లేదు. వరుసగా 99 ఆటలు. 61 ఓడిపోయారు, 38 తేలకుండా ముగిశాయి. 1934 నుండి 1938 దాకా ఐదేళ్లూ పదిహేడు జట్లలో పదిహేడో స్థానమే. పొద్దున్నే సంచి భుజాన వేసుకొని ఓడిపోవడానికి వెళ్లడం, సాయంకాలం తిరిగిరావడం, మరునాడు మళ్లీ వెళ్లడం. నాలుగేళ్లు.

ఆ శాపం తీరింది పెంతెకొస్తు సోమవారం నాడు. 1939 మే 27 శనివారం లెస్టర్‌షైర్‌తో ఆట మొదలైంది. మరునాడు పెంతెకొస్తు ఆదివారం. ఆ రోజుల్లో కౌంటీలవారు ఆదివారం ఆట ఆడేవారు కాదు. సోమవారం తిరిగి వచ్చి ఒక ఇన్నింగ్స్ మీద 193 పరుగుల తేడాతో గెలిచారు. డెనిస్ బ్రూక్స్ 187 పరుగులు చేశాడు. బ్రూక్స్ యార్క్‌షైర్ నుండి కుర్రతనంలోనే ఇక్కడికి వచ్చినవాడు. 1934లో మొదటి ఆట, 1959లో చివరి ఆట. ఓడిన ఏళ్లన్నిటిలో ఉన్నాడు. తర్వాత కెప్టెన్ అయి 1957లో జట్టును రెండో స్థానానికి తెచ్చాడు. ఇంగ్లండుకు ఆడింది ఒక్క టెస్టు. ఆట మానాక అదే పట్టణంలో మేజిస్ట్రేటుగా పనిచేసి, 2006 మార్చిలో 90 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశాడు. తొంభై అంటే మోషే ప్రార్థనలో ఉన్న లెక్కకు పదేళ్లు పైన. కాని నేను వెదకిన మనిషి బ్రూక్స్ కాదు. అతని ప్రక్కన ఆడి, ఆ పెంతెకొస్తు సోమవారానికి ముందే జట్టులో చోటు పోగొట్టుకున్నవాడు.

నార్తాంప్టన్ నుండి తూర్పుగా పది మైళ్లు వెళ్తే వొలాస్టన్ వస్తుంది. బస్సు కిటికీలోంచి చూస్తే దూరదూరంగా చర్చి శిఖరాలు కనబడుతూనే ఉంటాయి. ఒక శిఖరం వెనక్కి పోయేలోపు మరొకటి వస్తుంది. ఆ కౌంటీ శిఖరాలకు పేరుపడింది. వొలాస్టన్ కూడా జోళ్ల ఊరే. డాక్టర్ మార్టెన్స్ బూట్లు అని మన పట్నం పిల్లలు మోజుపడేవి మొట్టమొదట తయారైంది ఈ పల్లెలోనే, 1960 ఏప్రిల్ 1న. సన్నటి వీధులు, పాత ఇటుక గోడలు. మధ్యాహ్నం వేళ వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు.

1911 జూన్ 4న ఆ ఊళ్లో జార్జి సిరిల్ పెర్కిన్స్ పుట్టాడు. ఆ ఏడాది జనాభా లెక్కలు ఏప్రిల్ 2న తీశారు కాబట్టి రెండు నెలల తేడాతో అందులో లేడు. పెరిగి ఎడమచేతి స్పిన్ బౌలరయ్యాడు. 1934లో కౌంటీ జట్టులో చేరాడు. జీతానికి ఆడే వృత్తి ఆటగాడు. అప్పట్లో డబ్బున్న దొరబిడ్డలు ఊరికే సరదాకు ఆడేవారు. వారిని అమెచ్యూర్లనేవారు. స్కోరు కాగితం మీద వారి ఇంటిపేరుకు ముందు పొడి అక్షరాలు వేసేవారు, కూలికి ఆడేవారికి వెనుక వేసేవారు. చాలాచోట్ల బట్టలు మార్చుకునే గదులు కూడా వేరువేరే. ఈ తేడాను 1962లో తీసివేశారు. ఇది చదువుతుంటే మన ఊళ్లలోని రెండు గ్లాసుల పద్ధతి నాకు జ్ఞాపకం వచ్చిందంటే తప్పు కాదనుకుంటాను.

పెర్కిన్స్ 1937 దాకా నార్తాంప్టన్‌షైర్‌కు 56 ఆటలు ఆడాడు. 1951లో మైనర్ కౌంటీస్ జట్టుకు మరొకటి ఆడాడు. మొత్తం 57 ఫస్ట్ క్లాస్ ఆటలు. వాటిలో ఒక్కదానిలో కూడా అతని జట్టు గెలవలేదు. 1934లోనూ 1935లోనూ జట్టు అప్పుడప్పుడు గెలిచింది గాని, ఆ ఆటల్లో ఇతడు లేడు. క్రికెట్ చరిత్రలో గెలుపన్నది చూడకుండా అన్ని ఆటలాడినవాడు మరొకడు లేడని లెక్కలు కట్టేవారు వ్రాశారు. అదే మనిషి 2013 నవంబరు 21 వరకు బ్రతికాడు. 102 ఏళ్ల 170 రోజులు. చనిపోయేనాటికి, బ్రతికివున్న కౌంటీ క్రికెటర్లలో పెర్కిన్సే అందరికంటె పెద్ద.

రాజుగారో రాణిగారో నూరేళ్లు నిండినవారికి శుభాకాంక్షలు పంపే ఆచారం ఆ దేశంలో 1917లో మొదలైంది. వొలాస్టన్‌లో పుట్టిన ఈ చెయ్యి తిరిగిన ఓటమి మనిషి 2011లో ఆ వయసుకు చేరాడు. 1930లలో అతన్ని, అతని జట్టును ఓడించిన మహామహులెవరూ ఆ రోజును చూడలేదు.

వొలాస్టన్‌కు మూడు నాలుగు మైళ్ల ఉత్తరాన వెల్లింగ్‌బరో పట్టణం. అక్కడి బడి మైదానంలో కూడా కౌంటీ జట్టు ఆడేది. క్రికెట్‌కు తాతగారు లాంటి డబ్ల్యు.జి. గ్రేస్ ఇంటి గడపరాయిని తెచ్చి ఆ బడి పెవిలియను ముందు వేశారు. బ్యాటు పట్టుకొని వచ్చే ప్రతి పిల్లవాడూ దాన్ని దాటి వెళ్లవలసిందే. గ్రేస్ 67 ఏళ్లకే పోయాడు. అంత పెద్ద మనిషి గడప ఇక్కడ తొక్కుడురాయి అయింది.

ఆ పట్టణపు కుర్రవాడే సిడ్నీ ఆస్కమ్. 1914 వేసవిలో, బడి వయసులోనే, నార్తాంప్టన్‌షైర్‌కు కొన్ని ఆటలు ఆడాడు. ఆ ఆగస్టులోనే యుద్ధం వచ్చింది. 1916 ఆగస్టు 21న ఫ్రాన్సులో చంపబడ్డాడు. అప్పటికి వయసు 19. ఇంకో మూడు వారాలు ఉంటే ఇరవై నిండేవి. ఒకే క్లబ్బు, రెండు ప్రక్క ప్రక్క ఊళ్లు. ఒకడికి పందొమ్మిది, ఒకడికి నూట రెండు. పదిహేనేళ్లు ముందు పుట్టినవాడు యుద్ధానికి సరిగ్గా సరిపోయే వయసులో ఉన్నాడు. వెనుక పుట్టినవాడు అప్పటికి నిక్కర్లు తొడుక్కుంటున్నాడు. ఇందులో ఎవరి పుణ్యం, ఎవరి పాపం?

మా ఇంట్లోనూ పందొమ్మిదేళ్లకే వెళ్లిపోయిన అన్నయ్య ఉన్నాడు. చేను కాపలాకు వెళ్తే పాము కరిచింది. సమాధి దగ్గర ఒక పెద్దాయన మా నాన్నగారి భుజం మీద చెయ్యి వేసి, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉండివుంటుంది, ప్రార్థనాపూర్వకంగా వెదకి చూసుకోండి అన్నాడు. ఓదార్పు మాట అనుకొనే అన్నాడు. నాన్నగారు జవాబు చెప్పలేదు. ఆ తర్వాత నలభై ఏళ్లు బ్రతికారు, ఒక్క ఆదివారం కూడా ఆరాధన మానలేదు. ఆ పెద్దాయన కూర్చునే వరుసలో మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిదిమందిని గూర్చి ప్రభువు తన చుట్టూ ఉన్నవారిని ఏమని అడిగాడో మనం ప్రతి ఏడూ చదువుతాం. చదివి, సమాధి దగ్గరకు వెళ్లి ఆ మాటే అంటాం.

పెర్కిన్స్‌తో ఆ జట్టులో ఆడినవారి గతి కూడా చెప్పాలి. 1936 ఆగస్టులో చెస్టర్‌ఫీల్డ్‌లో, ఆ ఏటి ఛాంపియన్లయిన డెర్బీషైర్ మీద ఫ్రెడ్ బేక్‌వెల్ అజేయంగా 241 పరుగులు చేశాడు. ఇంగ్లండుకు ఆరు టెస్టులు ఆడినవాడు, జట్టులో నిజమైన గొప్పవాడు. ఆట ముగించుకొని ఇంటికి వస్తుండగా కారు బోల్తాపడింది. తోటి ఆటగాడు రెజినాల్డ్ నార్త్‌వే చనిపోయాడు. బేక్‌వెల్ కుడి చెయ్యి నుజ్జయి మరెన్నడూ కౌంటీ ఆట ఆడలేదు. అదే పట్టణంలో 1953లో ఒక పాదిరిగారి మరణం ఇంకా విచిత్రం. ఇంగ్లండుకు టెస్టులు ఆడి దైవసేవకు వచ్చిన టామ్ కిల్లిక్‌గారు రెండు డయోసిసుల పాదిరుల మధ్య జరిగిన సరదా ఆటలో, నార్తాంప్టన్‌లో, మైదానంలోనే కుప్పకూలి వెళ్లిపోయాడు. వయసు 46. తరువాతి కాలపు కాలిన్ మిల్‌బర్న్‌ను జనం ఎంత ప్రేమించారో చెప్పలేం. 1969లో కారు ప్రమాదంలో కన్ను పోయింది, 1990లో 48 ఏళ్లకే మనిషి పోయాడు.

ఈ ఒక్క క్లబ్బుతో ఆగకుండా మిగతా కౌంటీల వైపు చూస్తే కూడా నాకు వరుస దొరకలేదు. డెర్బీషైర్‌కు ఆడిన జిమ్ హచిన్సన్ బొగ్గు గనుల ప్రాంతపు మనిషి. 1896లో పుట్టి 2000 సంవత్సరం నవంబరులో, నూట నాలుగుకు మూడు వారాలు తక్కువలో చనిపోయాడు. అతని లెక్కను 2018లో దాటినవాడు హ్యాంప్‌షైర్‌కు ఆడిన జాన్ మానర్స్. ఇతడు నావికాదళపు అధికారి, అమెచ్యూరు. ఆడింది కొద్ది ఆటలే. 1945 ఏప్రిల్‌లో ఇతని ఓడ ఒక జర్మన్ జలాంతర్గామిని ముంచింది. 2020 మార్చిలో 105 ఏళ్ల 164 రోజులకు కన్నుమూశాడు. అంతకు ముందు ఏ ఫస్ట్ క్లాస్ ఆటగాడూ అంతకాలం బ్రతికినట్టు దాఖలా లేదు. మన దేశంలో దేవధర్ ప్రొఫెసరుగారు 101 ఏళ్లు బ్రతికి 1993లో వెళ్లిపోయారు. గని ప్రాంతపువాడు, ఓడ నడిపినవాడు, సంస్కృతం చెప్పినవాడు, ఎప్పుడూ ఓడినవాడు. తిండిలోనూ లేదు, డబ్బులోనూ లేదు, పేరులోనూ లేదు. ఆడిన ఆటల సంఖ్యలోనూ లేదు. ఎందులో ఉందో వెదకేవాళ్లు వెదకనీయండి.

తిరుగు దారిలో మౌల్టన్‌కు వెళ్లాను. నార్తాంప్టన్‌కు నాలుగు మైళ్లు. కేరీగారు 1785 నుండి 1789 దాకా ఆ పల్లె సంఘానికి కాపరి. జీతం చాలక బడిపంతులు పని, అది చాలక చెప్పులు కుట్టడం. ఆయన కాపురమున్న చిన్న ఇల్లు చర్చి ప్రక్కన ఇప్పటికీ నిలిచివుంది. 1792 అక్టోబరు 2న కెట్టరింగ్‌లో ఒక విధవరాలి ఇంటి గదిలో కొద్దిమంది పాదిరులు కూడి మిషనరీ సంఘాన్ని ప్రారంభించారు. ఆ రాత్రి వ్రాసుకున్న చందా 13 పౌన్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. మరుసటి ఏడు నవంబరులో కేరీగారు బెంగాలు చేరారు. మొదటి హిందూ విశ్వాసి కృష్ణపాలు బాప్తిస్మము పొందింది 1800 డిసెంబరు 28న. ఏడేళ్లు. 1796లోనో 1798లోనో ఎవరైనా వచ్చి లెక్క అడిగి ఉంటే ఆయన పుస్తకంలో గెలుపు గడి ఖాళీగా ఉండేది. నేను పెర్కిన్స్‌ను కేరీగారి సరసన కూర్చోబెట్టడం లేదు. ఒకరు దేవుని పని మీద వెళ్లారు, ఒకరు బంతి వేశారు. కాని ఇద్దరూ పొద్దున్నే లేచి అదే పనికి మళ్లీ వెళ్లినవారు. మన పల్లెల్లో నాలుగు కుటుంబాల కోసం పదేళ్లుగా సైకిలు తొక్కుతున్న ఉపదేశులకు ఆ పొద్దులు ఎలా ఉంటాయో తెలుసు.

మౌల్టన్‌కు పడమరగా కొద్ది మైళ్లలో స్ప్రాటన్ అనే ఊరు. ఆటను వదిలిపెట్టి వెళ్లిన సి.టి. స్టడ్‌గారు 1860లో పుట్టింది అక్కడే. ఆయన ఈ క్లబ్బుకు ఆడలేదు, మిడిల్‌సెక్స్‌కు ఆడారు. 1882లో ఇంగ్లండు 7 పరుగుల తేడాతో ఓడిన ప్రసిద్ధమైన ఆటలో, చివరకు ఒక్క బంతి కూడా ఎదుర్కొనకుండా నిలిచిపోయింది ఆయనే. తర్వాత చైనా వెళ్లారు, కొన్నేళ్లు మన ఊటీలో సంఘ కాపరిగా ఉన్నారు, చివరకు కాంగో అడవుల్లో 1931లో చనిపోయారు. డెబ్బై ఏళ్లు. ఆస్తి మొత్తం ముందే ఇచ్చేశారు.

పెర్కిన్స్ కథ వొలాస్టన్‌లో అయిపోలేదు. ఆ దారి పట్టి వెళ్లాలంటే తూర్పున సముద్రం వైపు ఎనభై మైళ్లు పోవాలి. సఫోక్ కౌంటీలో ఇప్స్విచ్ పట్టణం. భూమి అక్కడ చదునుగా, మన డెల్టాలా ఉంటుంది. కౌంటీ క్రికెట్ వదిలాక పెర్కిన్స్ ఆ పట్టణపు బడిలో పిల్లలకు ఆట నేర్పుతూ స్థిరపడ్డాడు. సెలవుల్లో సఫోక్ జట్టుకు ఆడేవాడు. సఫోక్ చిన్న కౌంటీ. అక్కడి ఆటలకు ఫస్ట్ క్లాస్ హోదా లేదు. ఆ 57 లెక్కలోకి అవి రావు.

బడి మైదానం మీద సాయంత్రపు ఎండ వాలుగా పడుతోంది. తెల్ల చొక్కాల పిల్లలు వలల మధ్య బంతులు వేస్తున్నారు. ఇలాంటి చోట ఎన్నో ఏళ్లు నిలబడి, మణికట్టు ఇలా తిప్పు, కాలు అక్కడ వెయ్యి అని చెప్పినవాడు, తన గెలుపు కథ ఒక్కటి కూడా చెప్పలేనివాడు, పిల్లలకు ఏం చెప్పేవాడో అనుకున్నాను. 1960లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ జట్టు ఆడడానికి వచ్చింది. పెర్కిన్స్‌కు అప్పటికి 49 ఏళ్లు. ఆ వయసుకు చాలామంది బౌలర్లు బంతి పట్టుకోవడం మానేసి ఇరవై ఏళ్లయివుంటుంది. ఒక ఇన్నింగ్స్‌లో అతడు 23 పరుగులిచ్చి పది వికెట్లూ తానే తీశాడు.